పొర నిలిస్తేనే పదార్థం

తొలకరి వాన పడిందంటే చాలు, అనంతపురం జిల్లా వజ్రకరూరు చుట్టుపక్కల చేలల్లో జనం తల వంచుకుని నేలంతా గాలిస్తుంటారు. వాన కడిగిన మట్టిలో ఎక్కడైనా వజ్రం తళుక్కుమంటుందేమోనని ఆశ. దాదాపు 110 కోట్ల ఏళ్ల కిందట భూమి లోతుల్లోంచి పైకి ఎగదన్నుకొచ్చిన కింబర్లైట్ అనే రాయి ఈ వజ్రాలను మోసుకొచ్చింది. వజ్రాల మాట అందరికీ తెలుసు. అదే రాతిలో ఉండే ఫ్లోగోపైట్ అనే ఒక జాతి అభ్రకం సంగతి ఎవరూ పట్టించుకోరు. రెండూ ఒకే రాతిలో వచ్చాయి, పైకి వచ్చాక రెండింటి మీదా అదే ఎండ కాసింది, అదే వాన కురిసింది. వజ్రం చెక్కుచెదరలేదు. అభ్రకం మాత్రం మెత్తబడి, ఉబ్బి, చివరికి బంకమట్టి అయింది. ఇది పొరలు పొరలుగా ఏర్పడే ఖనిజం. పొరకూ పొరకూ మధ్య వాటిని పట్టి ఉంచే పొటాషియం ఉంటుంది. నేలలోని నీరు ఆ పొటాషియాన్ని లాగేస్తుంది, అదీ ముందుగా అంచుల నుంచి. అంచులు విచ్చుకున్నాకే లోపలికి దారి దొరుకుతుంది. పొరల పదార్థాన్ని ప్రకృతి ఎక్కడ మొదలుపెట్టి ఎలా పాడుచేస్తుందో చెప్పే సాక్ష్యం ఈ కరువు నేలలో కోట్ల ఏళ్లుగా ఉంది. గత ఇరవై ఏళ్లుగా ప్రపంచంలోని పెద్ద పెద్ద ప్రయోగశాలలు తల బద్దలు కొట్టుకుంటున్నది కూడా ఈ చిక్కుతోనే.

2004లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఆంద్రే గైమ్, కోన్‌స్టాంటిన్ నోవోసెలోవ్ గ్రాఫైట్ ముక్క మీద మామూలు టేపు అంటించి పీకుతూ, పీకినదాన్ని మళ్లీ పీకుతూ, ఒక్క పరమాణువు మందం ఉన్న కార్బన్ పొరను విడదీశారు. అదే గ్రాఫీన్. 2010లో వాళ్లకు నోబెల్ వచ్చింది. పెన్సిల్ ములుకులోని గ్రాఫైట్ లాగే పొరలుగా ఉండే పదార్థాలు ఇంకా చాలా ఉన్నాయని, వాటన్నిటినీ అలా విడదీయవచ్చని తర్వాత తేలింది. యంత్రాల్లో కందెనగా వాడే మాలిబ్డినం డైసల్ఫైడ్, దాని బంధువు టంగ్‌స్టన్ డైసల్ఫైడ్, నల్ల భాస్వరం, 2011లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో తయారైన మాక్సీన్ అనే టైటానియం కార్బైడ్ పొరలు, ఇలా జాబితా పెరుగుతూ పోయింది. మందం నానోమీటరుకు అటూ ఇటూ, అంటే మీటరులో వంద కోట్లో వంతు. ఇంత పలుచన కాబట్టే వాటికి మామూలు పదార్థాలకు లేని గుణాలు వచ్చాయి. ఇంత పలుచన కాబట్టే వాటికి కష్టమూ వచ్చింది. మందపాటి రాగి రేకు మీద పైన వెయ్యి వరుసల పరమాణువులు తుప్పు పట్టినా రేకుకు ఏమీ కాదు, కింద లక్షల వరుసలు మిగిలి ఉంటాయి. ఒక్క వరుసే ఉన్నచోట పైభాగం, లోపలి భాగం అనే తేడా ఉండదు. ఉన్నదంతా పైభాగమే, గాలికి తగిలేదంతా పదార్థమే.

దీనికి పరిష్కారం చాలామందికి వెంటనే తోచేది ఒకటే: పైన ఏదో ఒకటి కప్పేయడం. పరిశోధన పత్రాల్లో కూడా ఎక్కువ భాగం కొత్త కప్పు గురించే. కాని గత పదిహేనేళ్ల ఫలితాలను పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కనిపించేది వేరు. ఆక్సిజన్, నీటి ఆవిరి, వెలుతురు, అంచులూ లోపాలూ అనే నాలుగింటిలో ఏది మొదటి దెబ్బ వేస్తోందో పదార్థం పదార్థానికీ విడిగా తెలుసుకుని, ఆ ఒక్క లంకెను తెంచిన చోటే పొరలు నిలిచాయి. అది తెలియకుండా వేసిన కప్పు ఒక్కోసారి పదార్థానికి కీడే చేసింది.

నల్ల భాస్వరం కథ ఇందుకు మంచి ఉదాహరణ. దీన్ని 1914లో అమెరికా శాస్త్రవేత్త పెర్సీ బ్రిడ్జ్‌మన్ అధిక పీడనంలో మొదటిసారి తయారుచేశాడు. భాస్వరానికి ఉన్న రూపాల్లో అన్నిటికంటే స్థిరమైనది ఇదే. తెల్ల భాస్వరం గాలి తగిలితే మండిపోతుంది. నల్లది గడ్డగా ఉన్నంతసేపు నిబ్బరంగా ఉంటుంది. సరిగ్గా వందేళ్లకు, 2014లో, దీన్ని పలుచని పొరలుగా విడదీసి ట్రాన్సిస్టర్లు చేసినప్పుడు ఆ నిబ్బరం కరిగిపోయింది. అప్పుడే ఊడదీసిన పొరను సూక్ష్మదర్శిని కింద చూస్తే నున్నగా ఉంటుంది. గంట గడిచేసరికి చిన్న చిన్న బొడిపెలు లేస్తాయి. అవి పెరిగి, ఒకదాన్నొకటి కలుపుకుని, తడి చుక్కలవుతాయి. భాస్వరం ఆక్సిజన్‌తో కలిసి ఆక్సైడ్ అయి, ఆ ఆక్సైడ్ గాలిలోని తేమను పీల్చి ఫాస్ఫారిక్ ఆమ్లంగా మారడం వల్ల వచ్చిన చుక్కలవి. గాలి నుంచి అది ఎంత నీరు లాగుతుందంటే పొర పరిమాణం మూడింతలు దాటుతుంది. అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం బృందం 2014లో కొలిచినప్పుడు కప్పు లేని ట్రాన్సిస్టర్ 56 గంటల్లో పనికిరాకుండా పోయింది. పైన అల్యూమినియం ఆక్సైడ్ పూత వేసినది రెండు వారాలు దాటినా పనిచేసింది.

కప్పు పనిచేసింది కదా, ఇక వేరే వాదన ఎందుకనిపిస్తుంది. మరుసటి ఏడాది మాంట్రియల్ పరిశోధకులు వేసిన ప్రశ్న ఇంకా లోతైనది: అసలు పాడుచేస్తున్నది ఎవరు? ఆక్సిజన్, నీరు, వెలుతురు మూడూ కలిసినప్పుడే నల్ల భాస్వరం వేగంగా పాడవుతోందని వాళ్లు చూపించారు. వెలుతురు పడ్డప్పుడు పొరలో ఎలక్ట్రాన్లు ఎగిరి లేస్తాయి. అవి ఉపరితలాన్ని తాకిన ఆక్సిజన్‌కు అంటుకుని దాన్ని మహా చురుకైన రూపంలోకి మారుస్తాయి. ఆ ఆక్సిజన్ భాస్వరాన్ని కొరుకుతుంది. నీరు వచ్చి శిథిలాన్ని కడిగి కింది వరుసను బయటపెడుతుంది. ఆక్సిజన్‌ను పూర్తిగా తీసేసిన నీళ్లలో ఉంచితే నల్ల భాస్వరానికి పెద్దగా ఏమీ కాలేదని ఇంకో బృందం తర్వాత తేల్చింది. అంటే నల్ల భాస్వరం విషయంలో తడి తోడుదొంగ మాత్రమే, అసలు దొంగ వెలుతురు అండ ఉన్న ఆక్సిజన్.

ఇదే తీర్పు మాక్సీన్‌కు వర్తిస్తుందనుకుంటే పప్పులో కాలేసినట్టే. మాక్సీన్‌ను ఆక్సిజన్ లేకుండా, ఆర్గాన్ వాయువు నింపిన నీళ్లలో ఉంచినా పాడైంది. ఆక్సిజన్ ఉన్న ఆల్కహాల్‌లో ఉంచితే ఎక్కువ కాలం నిలిచింది. ఇక్కడ అసలు దొంగ నీరే. పొరల్లోని టైటానియం నీటితో కలిసి టైటానియం ఆక్సైడ్ అవుతుంది, నల్లని ద్రావణం రోజులు గడిచేకొద్దీ తెల్లబారుతుంది. టంగ్‌స్టన్ డైసల్ఫైడ్ ఒంటి పొరది మరో తీరు. గాలిలోనే ఉంచినా, చీకట్లో పెట్టినది నెలల తరబడి బాగుంది, వెలుతురు తగిలినది పాడైందని 2019లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు చూపించారు. మాలిబ్డినం డైసల్ఫైడ్ చాలా గట్టిదని మొదట్లో అందరూ నమ్మారు. ఏడాది పాటు మామూలు గదిలో ఉంచిన ఒంటి పొరల మీద పగుళ్లు కనిపించడంతో ఆ నమ్మకం 2016లో సడలింది. ఆ పగుళ్లు ఎక్కడపడితే అక్కడ రాలేదు, స్ఫటికాల అతుకుల వెంట, అంచుల వెంట వచ్చాయి. నాలుగు పదార్థాలకు నాలుగు జబ్బులు. అన్నిటికీ ఒకే మందు రాస్తే కుదరదు.

మాక్సీన్‌కు దొరికిన మందుల్లో ఒకటి నాకు బాగా నచ్చింది. పొర మొత్తాన్ని కప్పకుండా, దాని అంచుల దగ్గర మాత్రమే అతుక్కునే పాలీఫాస్ఫేట్ లవణాన్ని నీళ్లలో కలిపారు. పొర ముఖం మీద రుణ విద్యుదావేశం ఉంటుంది కాబట్టి ఈ లవణం దాని జోలికి పోదు. అంచు దగ్గర ధనావేశం ఉంటుంది కాబట్టి అక్కడ పట్టుకుంటుంది. కొద్దిపాటి చవక లవణంతో మాక్సీన్ వారాల తరబడి నిలిచింది. ఇంకో బృందం విటమిన్ సి నుంచి తయారయ్యే సోడియం ఆస్కార్బేట్‌ను వాడింది. వజ్రకరూరు అభ్రకాన్ని నీరు అంచుల నుంచే విప్పినట్టు, ఇక్కడా తలుపు అంచు దగ్గరే ఉంది. ఆ తలుపు ఒక్కటి మూస్తే చాలింది.

పూర్తిగా కప్పక తప్పని పదార్థాలూ ఉన్నాయి. అనంతపురం రైతుకు ఈ తర్కం కొత్తగా చెప్పనక్కర్లేదు. కదిరి పరిశోధన కేంద్రం రూపొందించిన కదిరి-6 రకమైనా మరొకటైనా, వేరుశనగ విత్తనాన్ని కాయ రూపంలోనే దాచి, విత్తే ముందు మాత్రమే ఒలుస్తారు. ఒలిచిన పప్పు గాలికి నూనె చెడి, మొలక శక్తి పోగొట్టుకుంటుంది. పొరల పదార్థాలకు ఆ తొక్క పనిని ఇప్పుడు అందరికంటే బాగా చేస్తున్నది బోరాన్ నైట్రైడ్. ఇదీ పొరల పదార్థమే, గ్రాఫీన్ లాగే తేనెపట్టు అల్లిక, కాని విద్యుత్తును పోనివ్వదు, గాలికి చలించదు. ప్రపంచంలోని చాలా ప్రయోగశాలలు మేలైన బోరాన్ నైట్రైడ్ స్ఫటికాల కోసం జపాన్‌లోని త్సుకుబాలో కెంజి వాతనబె, తకాషి తనిగుచి అనే ఇద్దరు శాస్త్రవేత్తల మీద ఏళ్లుగా ఆధారపడ్డాయి. వేల వాతావరణాల పీడనంలో, భట్టీ వేడిలో వాళ్లు వాటిని పెంచుతారు. పేరు ప్రతిష్ఠలు గ్రాఫీన్‌కూ భాస్వరానికీ దక్కాయి, వాటి అసలు గుణాన్ని కొలవనిచ్చింది మాత్రం ఈ కప్పు. 2015లో మాంచెస్టర్ బృందం ఆర్గాన్ నింపిన పెట్టెలో నల్ల భాస్వరాన్ని ఊడదీసి, గాలి సోకకముందే రెండు వైపులా బోరాన్ నైట్రైడ్ పరిచి బయటకు తెచ్చింది. అప్పుడుగాని గాలికి ఓర్వని పొరల నిజమైన లక్షణాలు తెలియలేదు. వేరుశనగ కాయతో పోలిక ఇక్కడితో ఆగిపోతుంది. తొక్క చేనులోనే పెరుగుతుంది, ఈ తొక్కను మనమే తయారుచేయాలి, అదీ లోపల గాలి చిక్కుకోకుండా.

కప్పు ఎలా ఎదురు తిరుగుతుందో గ్రాఫీన్ చరిత్రలోనే ఉంది. లోపం లేని గ్రాఫీన్ పొరలోంచి వాయువులు దాదాపుగా చొరబడలేవు. అందుకని 2011లో దాన్ని రాగి మీద పూతగా వేసి చూస్తే, కొద్దిసేపు వేడిచేసినా రాగి మెరుస్తూనే ఉంది. తుప్పుకు ప్రపంచంలోనే అతి పలుచని మందు దొరికిందని సంబరపడ్డారు. రెండేళ్లకు కాలిఫోర్నియాలోని బర్క్‌లీ బృందం అదే పనిని గది వేడిలో నెలల తరబడి గమనించింది. గ్రాఫీన్ కప్పిన రాగి, ఏమీ కప్పని రాగి కంటే ఎక్కువగా తుప్పు పట్టింది. పూతలోని చిన్న చిల్లుల్లోంచి ఆక్సిజన్, తేమ లోపలికి దూరాయి. గ్రాఫీన్ విద్యుద్వాహకం కావడంతో రాగితో కలిసి అక్కడ ఒక చిన్న బ్యాటరీ ఏర్పడింది, తుప్పు పూత కిందుగా పాకింది. కప్పు లేని రాగి మీద ఏర్పడే సహజమైన ఆక్సైడ్ పొరైనా కొంత ఆపేది. చిల్లులున్న వాహకపు పూత ఆ ఆసరాను కూడా తీసేసింది. రెండు ప్రయోగాలూ నిజమే. మొదటిది గంటల్లో కొలిచింది, రెండోది నెలల్లో కొలిచింది.

ఇంత తంటా ఎందుకు, గట్టి పదార్థాలనే వాడుకోవచ్చు కదా అని అడిగేవాళ్లున్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. గూడూరు ప్రాంతపు అభ్రకాన్నే చూడండి. చాకు మొనతో రేకులుగా విడదీసినా గాలిలో దానికేమీ కాదు. అందులోని సిలికాన్, అల్యూమినియం ముందే ఆక్సిజన్‌తో కలిసి ఉన్నాయి. ఆక్సిజన్ కొత్తగా పట్టుకునేందుకు అక్కడ ఏమీ మిగల్లేదు. కాని ఆ నిశ్చలత్వమే దాన్ని ట్రాన్సిస్టర్‌కు పనికిరాకుండా చేసింది, అది మంచి బంధకం మాత్రమే. గ్రాఫీన్ గట్టిదే, కాని విద్యుత్తును పూర్తిగా ఆపి మళ్లీ పోనివ్వడం దానికి చేతకాదు. నల్ల భాస్వరానికి ఆ నేర్పు ఉంది. పొరల సంఖ్యను బట్టి అది పరారుణ కాంతి నుంచి కంటికి కనిపించే కాంతి దాకా స్పందిస్తుంది. ఎలక్ట్రాన్లను సులువుగా ఇచ్చిపుచ్చుకునే గుణమే పదార్థాన్ని పనిమంతురాలిని చేస్తుంది, ఆ గుణమే ఆక్సిజన్‌కు దాన్ని లోకువ చేస్తుంది. ఒకటి కావాలంటే రెండోదాన్ని సంభాళించుకోక తప్పదు.

మరో అభ్యంతరం మన ప్రాంతానిది. పడమటి కనుమల వానచాటున, తూర్పు తీరానికి దూరంగా ఉన్న అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడటమే కష్టం. ఇంత పొడి గాలిలో ఈ పొరలు వాటంతటవే నిలుస్తాయి కదా? మాక్సీన్ వంటి వాటికి ఈ పొడితనం కొంత మేలే, కాదనను. అయితే పొడి అన్న మాట మన ఒంటికి తెలిసే పొడి, పరమాణువుకు తెలిసేది వేరు. ఎండాకాలం మధ్యాహ్నం 35 డిగ్రీల వేడిలో గాలి తేమ 25 శాతమే అనుకుని లెక్క వేస్తే, ఒక్క చదరపు నానోమీటరు మీద సెకనుకు దాదాపు 5 కోట్ల నీటి అణువులు వచ్చి తాకుతాయి. ఆక్సిజన్ అణువులు అంతకు పది రెట్లు. ఆ కాస్త చోటులో నల్ల భాస్వరం పై వరుస పరమాణువులు పది పదిహేనుకు మించి పట్టవు. ఇక సెప్టెంబరు వానలకు గాలి తడిసినప్పుడు పరిస్థితి చెప్పనక్కర్లేదు. పైగా అనంతపురంలో అన్నిటికంటే ధారాళంగా దొరికేది ఎండ. నల్ల భాస్వరం, టంగ్‌స్టన్ డైసల్ఫైడ్ వంటి వాటిని చంపేది వెలుతురే అయినప్పుడు, ఈ పీఠభూమి వాటికి ఓడరేవు పట్నం కంటే క్షేమమని ఎలా అనగలం?

ఈ పొరలతో చేసి గాలిలోని వాయువులను పసిగట్టే సెన్సర్‌ను కప్పేస్తే అది దేన్ని పసిగడుతుందన్న ప్రశ్నకు మాత్రం పూర్తి జవాబు లేదు. అంచులనూ లోపాలనూ మాత్రమే మూసి ముఖాన్ని తెరిచి ఉంచడం ఒక దారి. కొన్నాళ్లకే మార్చేసే చవక సెన్సర్‌గా ఒప్పుకుని వాడటం ఇంకో దారి. రెండోది సిగ్గుపడాల్సిన సంగతేమీ కాదు.

ఉపరితలాన్ని కాపాడే పని రెండో తరగతి శాస్త్రమన్న భావన మన విశ్వవిద్యాలయాల్లో ఉంది, దాన్ని ఒప్పుకోలేను. 1947లో బెల్ ల్యాబ్స్‌లో తయారైన తొలి ట్రాన్సిస్టర్ జెర్మేనియంతో చేసింది. ఎలక్ట్రాన్ల వేగంలో జెర్మేనియమే సిలికాన్ కంటే మిన్న. కాని దాని ఆక్సైడ్ నీళ్లలో కరిగిపోతుంది. సిలికాన్ ఆక్సైడ్ మాత్రం గాజులా గట్టిగా అంటుకుని కింది ఉపరితలాన్ని కాపాడుతుంది. 1950ల చివర్లో అదే సంస్థలో మహమ్మద్ అటల్లా ఆ ఆక్సైడ్‌ను శ్రద్ధగా పెంచి ఉపరితలాన్ని శాంతపరిచే పద్ధతి చూపాడు. ఈ రోజు మన చేతుల్లోని ఫోన్లన్నీ ఆ పొర పుణ్యమే. మంచి పదార్థం ఓడిపోయి, మంచి కవచం ఉన్న పదార్థం గెలిచింది. పొరల పదార్థాల్లోనూ ఇప్పుడు అలాంటి వెతుకులాటే సాగుతోంది. హాఫ్నియం సెలినైడ్, జిర్కోనియం సెలినైడ్ తమ మీద తామే పనికొచ్చే ఆక్సైడ్‌ను పెంచుకుంటాయని 2017లో స్టాన్‌ఫర్డ్ బృందం చూపింది.

కవచం విలువ మన దగ్గరా కనిపిస్తుంది. ఒకప్పుడు అనంతపురం జిల్లాలో, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న నంబులపూలకుంట సోలార్ పార్కులో 2016లో ఎన్టీపీసీ 250 మెగావాట్ల కేంద్రాన్ని ప్రారంభించింది. ఇలాంటి కేంద్రాల్లో వాడే సిలికాన్ పలకలు నీలంగా మెరిసేది సిలికాన్ రంగు వల్ల కాదు, దాని మీద సుమారు 80 నానోమీటర్ల మందాన వేసిన సిలికాన్ నైట్రైడ్ పూత వల్ల. అది వెలుతురు వెనక్కి పోకుండా ఆపుతుంది, ఉపరితలాన్నీ కాపాడుతుంది. దాని మీద ప్లాస్టిక్ పొర, ఆ పైన గాజు. ఇంత కవచం ఉన్న పలకను కూడా అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61215 ప్రకారం 85 డిగ్రీల వేడి, 85 శాతం తేమలో 1000 గంటలు ఉంచి పరీక్షిస్తారు. ఆ పరీక్ష చీకటి గదిలో జరుగుతుంది. సిలికాన్‌కు అది చాలావరకు సరిపోతుంది, అతినీలలోహిత కాంతికీ వేడి చలి మార్పులకూ వేరే పరీక్షలు ఉన్నాయి. వెలుతురుతోనే పాడయ్యే పొరల పదార్థానికి చీకటి గది పరీక్ష మార్కులు వేస్తే అవి దొంగ మార్కులు. రేపు ఈ పదార్థాలు సౌర పలకల్లోకి, బావి నీటి నాణ్యత చెప్పే పరికరాల్లోకి వచ్చేటప్పుడు ఆక్సిజన్, తేమ, ఎండ మూడూ ఒకేసారి తగిలే చోట, ఒక్కొక్కటి విడిగా తగిలే చోట, పక్కపక్కనే పెట్టి చూడాలి.

ఆ పనికి కోట్ల ఖరీదు చేసే యంత్రాలు మొదటి రోజే అక్కర్లేదు. 1981లో మొదలైన శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఉంది, జేఎన్‌టీయూ అనంతపురం ఉంది, 2018లో వచ్చిన కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది. మూడింటికీ మిద్దె ఉంది, మిద్దె మీద ఏడాదిలో ఎక్కువ రోజులు మబ్బు లేని ఎండ ఉంది. ఒకే పొర నాలుగు నమూనాలను తీసుకుని ఒకటి ఎండలో, ఒకటి నీడలో, ఒకటి పొడి పెట్టెలో, ఒకటి అంచులు మూసి ఉంచి, ఏడాది పొడవునా నెలనెలా కొలిచి, ఫలితం చెడ్డదైనా సరే అచ్చు వేయాలి. హైదరాబాద్‌లోని టాటా ప్రాథమిక పరిశోధన సంస్థ వంటి చోట్ల ఈ పదార్థాల మీద పనిచేసేవాళ్లున్నారు. నమూనాలు వాళ్లవి, ఎండ మనది అయితే చాలు. పాఠకులకూ ఒక మనవి. ఫలానా కొత్త పొరతో అద్భుతం జరిగిందని ఇకమీదట పత్రికలో చదివినప్పుడు, అది ఎన్ని రోజులు, ఎలాంటి గాలిలో, ఎంత వెలుతురులో నిలిచిందో రాశారా అని చూడండి. రాయకపోతే ఆ పత్రికకు ఉత్తరం రాసి అడగండి.